హలాల్ సర్టిఫికెట్: చిన్న వ్యాపారికి కావాల్సింది ముందు ఫైలు, తర్వాత ఫీజు

శావల్యాపురం లాంటి మండల కేంద్రంలో చికెన్ కొనేవాళ్లు హలాల్ సర్టిఫికెట్ అడగరు. కోసేది ఎవరో తెలుసు, బిస్మిల్లా చెప్పి కోయడం కళ్లముందే జరుగుతుంది. అదే ఊళ్లో ఒక కుటుంబం కేకులో, బిస్కెట్లో ప్యాక్ చేసి హైదరాబాద్ పంపాలనుకుంటే లెక్క మారిపోతుంది. అక్కడ కొనేవాళ్లకు చేసిన చెయ్యి కనిపించదు. వాళ్లకు కాగితమే సాక్ష్యం.

ఇక్కడ చాలామంది రెండు విషయాలను కలిపేస్తున్నారు. 2006 ఆహార భద్రత చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ తప్పనిసరి. హలాల్ సర్టిఫికెట్ మాత్రం దేశంలో అమ్మే సరుకుకు స్వచ్ఛందమే. దాన్ని ఇచ్చేది జమియత్ ఉలమా-ఎ-హింద్ హలాల్ ట్రస్ట్, చెన్నైలోని హలాల్ ఇండియా లాంటి ప్రైవేటు సంస్థలు. ఎగుమతి సంగతి వేరు. సౌదీ, యూఏఈ సహా 15 దేశాలకు మాంసాన్ని హలాల్ పేరుతో పంపాలంటే, 2024 అక్టోబర్ 16 నుంచి కేంద్రం గుర్తించిన విధానంలోనే సర్టిఫికెట్ ఉండాలి.

ఉత్తరప్రదేశ్ 2023 నవంబర్ 18న హలాల్ ముద్ర ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించింది, ఎగుమతులకు మినహాయింపు ఇచ్చింది. అది ఆ రాష్ట్రానికే పరిమితమైన ఉత్తర్వు. కానీ అక్కడికి సరుకు పంపేవాళ్లు మర్చిపోకూడదు.

అసలు చిక్కు ముడిసరుకు దగ్గర వస్తుంది. కేకు జెల్‌లో వాడే ఈ471 కొవ్వు మొక్కలదీ కావచ్చు, జంతువులదీ కావచ్చు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే జంతు కొవ్వు అనుమానం తీరుతుంది. అయితే ఎసెన్స్‌లో ఆల్కహాల్ ఉందో లేదో ఆ చుక్క చెప్పదు. అందుకే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ప్రతి పదార్థం ఎక్కడిదో, ఏ కంపెనీదో అడుగుతారు. బిల్లులు దాచుకోని వ్యాపారి ఆగిపోయేది అక్కడే.

కాబట్టి సాయం చేయాలనుకునేవాళ్లు ఫీజు చందా కంటే ముందు ఫైలు తయారు చేసిపెట్టాలి. రిజిస్ట్రేషన్ కాపీ, పదార్థాల జాబితా, కొన్న బిల్లులు, ఎసెన్స్ కంపెనీ రాసిచ్చిన లెటర్, పాత్రలు కడిగే పద్ధతి ఉంటే సగం పని అయినట్టే. డిగ్రీ చదివిన పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, ఒక ఆదివారం కూర్చుంటే చాలు. వినుకొండ, నరసరావుపేటల్లో ఇదే పని చేసేవాళ్లతో కలిసి వెళ్తే ఫీజు గురించి గట్టిగా బేరమాడొచ్చు.

ఊళ్లోనే అమ్ముకునే వ్యాపారికి మాత్రం ఈ ఖర్చు అక్కర్లేదు. ఎవరైనా భయపెట్టి సర్టిఫికెట్ అంటగడుతుంటే, ఏ సంస్థ, ఎవరి గుర్తింపు ఉంది, రసీదు ఇస్తారా అని ముందు అడగాలి.