నాలుగు రోజుల మంచుకు నాలుగు చక్రాల బలమా?

ఒకప్పుడు మేనల్లుడు మేనమామను సలహా అడిగితే అది పొలం బేరం గురించో, పెళ్ళి సంబంధం గురించో అయి ఉండేది. అమెరికాలో సియాటిల్ నగరానికి తూర్పున ఇసాక్వా అనే ఊరి కొండవాలున కాపురముంటున్న మా అక్క కుమారుడు నన్ను అడిగిన సలహా వేరు. "మామయ్యా, మీరు ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నారు. కొత్త కారు కొంటున్నాం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది తీసుకోమంటారా, వద్దంటారా?" అని అడిగాడు. అది ఉన్న కారుకు రెండువేల డాలర్లు అదనం. ఆ రెండువేలు మా అక్కను అక్కడికి పిలిపించుకోవడానికి వారు దాచుకున్న సొమ్ము. అందుచేత ప్రశ్న యంత్రానికి సంబంధించినదైనా దాని వెనుక ఒక తల్లి ప్రయాణం కూడా ఉన్నది.

మన కళాశాల నుండి వెళ్ళిన విద్యార్థులు ఎందరో ఈనాడు ఆ దేశంలో ఉన్నారు. మొదటి జీతాలతో వారు కొనే పెద్ద వస్తువు కారే. కనుక ఆ అబ్బాయికి చెప్పిన మాటలను ఈ సంచిక పాఠకులతో కూడా పంచుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

ముందుగా వస్తువేమిటో చూద్దాం. మామూలు కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. నేటి చిన్న కార్లలో అవి సాధారణంగా ముందు చక్రాలు. వెనుక రెండూ కేవలం దొర్లుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో శక్తి నాలుగింటికీ పంచబడుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుండి, విల్లీస్ జీపు ఈ విద్యను ప్రపంచమంతటా ప్రసిద్ధం చేసింది. తరువాత 1970లలో జపానుకు చెందిన సుబారు, 1980లో జర్మనీకి చెందిన ఆడీ దీనిని మామూలు కార్లలోకి తీసుకువచ్చాయి. పాత జీపులో దీనికొక ప్రత్యేకమైన లివరు ఉండేది. బురదలో దిగినప్పుడు దానిని లాగేవారు. నేటి కార్లలో ఆ పని డ్రైవరు ప్రమేయం లేకుండానే జరుగుతుంది. (హైదరాబాదు వీధులలో ఎత్తైన, బలిసిన వాహనాలను చూసి అవన్నీ ఫోర్ వీల్ డ్రైవ్‌లే అనుకునేవారున్నారు. వాటిలో అత్యధికం రెండు చక్రాలతో నడిచేవే. ఆకారం వేరు, ఆంతర్యం వేరు.)

ఇక వాతావరణం. సియాటిల్ మనకంటే ముప్పై డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. అయినా పసిఫిక్ మహాసముద్రపు గాలి పుణ్యమా అని అక్కడి శీతాకాలం మృదువైనది. జనవరి రాత్రులలో కూడా సగటు ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైనే ఉంటుంది. రెండేళ్ళ క్రితం నేను శీతాకాలంలో రెండు నెలలు వారింట గడిపాను. ఆ రెండు నెలలూ చూసింది మంచు కాదు, వాన. మన ఆషాఢపు ముసురును తెచ్చి డిసెంబరులో కూర్చోబెట్టినట్లుండేది. మంచు పడే రోజులు చాలా సంవత్సరాలలో వ్రేళ్ళపై లెక్కించదగినవి.

అయితే మృదువైన శీతాకాలం నిరపాయమైనదనుకోరాదు. 2019 ఫిబ్రవరిలో సియాటిల్ విమానాశ్రయం వద్ద 20.2 అంగుళాల మంచు కురిసింది. 2008 డిసెంబరు 19న నగరంలోని ఒక నిటారు వీధిలో రెండు బస్సులు జారిపోయి, కింద పోతున్న రహదారి వైపు గోడను ఛేదించుకుని, ముందు భాగాలు గాలిలో వ్రేలాడుతూ ఆగాయి. చలి దేశాల వారికి అలవాటైన సరంజామా ఇటువంటి ఊళ్ళలో తక్కువ. మంచు తీసే వాహనాలు తక్కువ, జనానికి అనుభవం తక్కువ. పైగా భౌతికశాస్త్రం చెప్పే విచిత్రం మరొకటున్నది. గడ్డకట్టిన నీరు తీవ్రమైన చలిలో కంటే, కరగబోయే స్థితిలో, అనగా సున్నా డిగ్రీల దరిదాపులలో, మరింత జారుడుగా ఉంటుంది. మిన్నెసోటాలోని గట్టి మంచు కంటే సియాటిల్‌లోని తడి మంచును నమ్మరాదు.

మరి ఇటువంటి చోట నాలుగు చక్రాల బలం ఉంటే మంచిదే కదా అని మా మేనల్లుడి వాదన. కారు అమ్మేవాడు కూడా అదే చెప్పాడట. ఇక్కడ నేను తరగతి గదిలోకి వెళ్ళక తప్పదు. పాఠకులు క్షమింతురు గాక.

కారు కదలడానికి, మలుపు తిరగడానికి, ఆగడానికి మూడింటికీ ఆధారం టైరుకూ నేలకూ మధ్య గల ఘర్షణ ఒక్కటే. ఇంజను ఎంత బలమైనదైనా ఆ ఘర్షణ అనుమతించినంతే నేలకు అందుతుంది. పొడి రోడ్డుపై ఘర్షణ గుణకం 0.7 ప్రాంతంలో ఉంటే, అణగారిన మంచుపై 0.2 లేక 0.3 ఉంటుంది. నున్నని మంచుగడ్డపై 0.1 మాత్రమే. ఫోర్ వీల్ డ్రైవ్ ఈ అంకెను పెంచదు. ఉన్న ఘర్షణను నాలుగు చక్రాల వద్దా వాడుకుంటుంది, అంతే. ముందు చక్రాలతో నడిచే కారు తన బరువులో ముందు భాగాన ఉన్న సుమారు అరవై శాతాన్నే కదలడానికి ఉపయోగించుకోగలదు. నాలుగు చక్రాల కారు నూరు శాతాన్నీ ఉపయోగించుకుంటుంది.

మా వాడి ఇంటికి చేరే వాలు నూటికి పన్నెండు. అనగా నూరు అడుగులు ముందుకు సాగితే పన్నెండు అడుగులు ఎత్తుకు పోతాము. ఆ వాలు ఎక్కాలంటే ముందు చక్రాల కారుకు కనీసం 0.2 గుణకం కావాలి, నాలుగు చక్రాల కారుకు 0.12 చాలు. కాబట్టి 0.12కూ 0.2కూ మధ్య ఉన్న జారుడులో ఒకటి ఎక్కుతుంది, మరొకటి ఎక్కదు. ఫోర్ వీల్ డ్రైవ్ మహిమ అబద్ధం కాదు. ఆ సన్నని సందులో అది నిజమే.

అయితే ఎక్కినవాడు దిగాలి కదా! బ్రేకు వేసినప్పుడు ప్రతి కారుకూ నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. బ్రేకులలో "టూ వీల్" అనేది ఎక్కడా లేదు. కనుక ఆగడంలో రెండువేల డాలర్లు పెట్టినవాడికీ పెట్టనివాడికీ తేడా లేదు. గుణకం 0.2 అనుకుని లెక్క కట్టండి. ఆ వాలున గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న కారు, అది ఏ కారైనా సరే, ఆగడానికి 44 మీటర్లు కావాలి. అదే టైర్లను మార్చి గుణకాన్ని 0.3కు పెంచగలిగితే 20 మీటర్లలో ఆగుతుంది. 0.3 వచ్చిన కారు రెండు చక్రాలదైనా ఆ వాలును సునాయాసంగా ఎక్కుతుంది కూడా. మా విద్యార్థులు ఈ లెక్కను చేసి చూసుకోవచ్చును. కారు బరువు సమీకరణంలో రెండు వైపులా కొట్టివేయబడుతుంది. కనుక పెద్ద బండి అయినంత మాత్రాన త్వరగా ఆగుతుందని ఆశపడనక్కరలేదు.

అపాయం ఎక్కడ ఉందంటే, ఫోర్ వీల్ డ్రైవ్ జారుడు నేలపై కూడా తడబడకుండా బయలుదేరుతుంది. బయలుదేరిన తీరును చూసి డ్రైవరు రోడ్డు బాగుందనుకుంటాడు. రెండు చక్రాల కారైతే ఇంటి ముందే చక్రాలు ఊరికే తిరిగి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పోగొట్టుకోవడానికి డబ్బు చెల్లించడం నాకు వింతగా తోస్తుంది.

కావున నా అభిప్రాయంలో మొదటి ఖర్చు టైర్లకే. సాధారణపు టైరు రబ్బరు ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కనారంభిస్తుందని ఆ వృత్తివారు చెబుతారు. శీతాకాలపు టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది. అమెరికాలో కొత్త కార్లకు సాధారణంగా వచ్చేది "ఆల్ సీజన్" టైరు. పేరు చూసి మోసపోరాదు. మంచు విషయంలో అది ఎవరికీ సంపూర్ణంగా స్నేహితుడు కాదు. "ఆల్ వెదర్" అని మరొక రకం ఉన్నది. పేర్లు కవలల్లా ఉన్నా గుణాలు వేరు. దాని అంచుపై మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు బొమ్మ ఉంటుంది. నిర్ణీతమైన మంచు పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు. దానిని ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు, కార్తీకంలో మార్చి ఫాల్గుణంలో మళ్ళీ మార్చే బాధ లేదు. నెలల తరబడి మంచులో బ్రతికేవారికి అసలైన శీతాకాలపు టైర్లే శ్రేయస్కరం. నాలుగు రోజుల మంచువారికి ఇది చాలు.

ఇక ఖర్చు విషయం వేగంగా చెబుతాను. నాలుగు చక్రాలకు శక్తి పంచే సామగ్రి బరువు వలన ఇంధనం కొంత ఎక్కువగా ఖర్చవుతుంది. అది మంచు లేని మూడువందల అరవై రోజులూ అవుతుంది. మరొక సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ఇటువంటి అనేక కార్లలో నాలుగు టైర్ల అరుగుదల ఇంచుమించు సమంగా ఉండాలి. లేనియెడల శక్తి పంచే భాగం చెడిపోతుంది. సగం అరిగిన టైర్లలో ఒకటి మేకు గుచ్చుకుని పాడైతే, ఒక్కొక్కప్పుడు నాలుగూ కొత్తవి కొనవలసి వస్తుంది.

ఎదుటి పక్షంలో బలమైన వాదన ఒకటున్నది. సియాటిల్ నుండి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు తూర్పుకు పోతే 3,022 అడుగుల ఎత్తున స్నోక్వాల్మీ కనుమ వస్తుంది. ఊళ్ళో వాన పడే రోజున అక్కడ నిలువెత్తు మంచు ఉంటుంది. మంచు ఎక్కువైనప్పుడు ఇతర కార్లన్నీ చక్రాలకు గొలుసులు కట్టుకోవాలని అధికారులు ఆదేశిస్తే, ఫోర్ వీల్ డ్రైవ్‌కు మినహాయింపు దొరుకుతుంది. అయినా గొలుసులు వెంట ఉండి తీరాలన్నది ఆ రాష్ట్ర నిబంధన. వారం వారం ఆ కనుమ దాటవలసినవాడు నా మాట వినకుండా నాలుగు చక్రాలదే కొనడం న్యాయం. మావాడు ఆ కనుమ దాటేది ఏడాదికి ఒకసారి, అదీ పిల్లవాడికి మంచు చూపించడానికి.

ఇంతవరకు నా లెక్క నాకే ముచ్చటగా ఉండగా, మేనల్లుడి భార్య ఫోను తీసుకున్నది. ఆమె ఆసుపత్రిలో నర్సు. "మామయ్యగారూ, ఆయనకేం, మంచు పడితే ఇంట్లో కూర్చుని పని చేసుకుంటారు. నా వార్డులో రోగులు మంచు పడిందని సెలవు తీసుకోరు. రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారి ఆ గుట్ట ఎక్కవలసింది నేను కదండీ" అన్నది. నా దగ్గర తక్షణమే సమాధానం లేకపోయింది. ఏడాదికి ఎన్ని రోజులు మంచు పడుతుందని లెక్కించాను గాని, వాటిలో ఎన్ని రోజులు ఇల్లు కదలక తప్పదో లెక్కించలేదు. అసలు లెక్క అది. ఆమె విషయంలో నా తీర్పును సడలించుకున్నాను. టైర్లు మొదట, ఆ తరువాత డబ్బు మిగిలితే నాలుగు చక్రాల బలం, రెండూ ఆమె నడిపే కారుకే, అని చెప్పాను. టైర్లు లేకుండా ఆ బలం ఒక్కటే కొనడానికి మాత్రం ఒప్పుకోలేదు.

వారిద్దరూ రెండు రాత్రులు ఆలోచించుకుని ముందు చక్రాల కారు, మంచురేకు గుర్తున్న టైర్లు తీసుకున్నారు. టైర్లకు ఎనిమిదివందల డాలర్లు అయినాయి. మిగిలినదానికి మరికొంత చేర్చి మా అక్కకు టికెట్టు పంపారు. ఆ శీతాకాలంలో ఒక్క రాత్రి గట్టిగా మంచు పడింది. తెల్లవారి ఆ అమ్మాయి ఆసుపత్రి నుండి వచ్చి, గుట్ట మొదట్లో కార్లు అడ్డదిడ్డంగా ఆగి ఉండడం చూసి, తన కారును అంగడి ముందు నిలిపి ఇంటికి నడక సాగించింది. మా అక్క కిటికీలోంచి చూసి, కోడలికి ఎదురుగా గొడుగు పట్టుకుని సగం వాలు దాకా దిగి వెళ్ళిందట.