పరీక్ష చేశారు సరే... తర్వాత?

జిల్లా సమీక్షలో బడి పిల్లల ఆరోగ్యం వంతు వచ్చినప్పుడు తెరమీద ముందుగా కనిపించేది ఒక శాతం. లక్ష్యం ఇంత, పరీక్షలు చేసింది ఇంత. తొంభై దాటిన మండలం పచ్చగా ఉంటుంది, దాటనిది ఎర్రగా. గుండె చప్పుడులో తేడా ఉందని రాసి పంపిన పిల్ల ఆ తర్వాత ఏ ఆసుపత్రి మెట్లెక్కిందో, అసలు ఎక్కిందో లేదో ఆ రంగులు చెప్పవు. రిజిస్టర్ల పక్కకు ట్యాబ్‌లు వచ్చాయి, యాప్‌లు వచ్చాయి. ఇంత యంత్రాంగంతో మనం లెక్కపెడుతున్నది మాత్రం వైద్య బృందం ఎన్ని బడులు తిరిగిందన్నదే. హాజరు పట్టీ చూసి పిల్లలకు మార్కులు వేసినట్టుంది ఈ పద్ధతి.

ఆలోచన కొరవడి ఇలా జరగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైనప్పుడే ప్రతి విద్యార్థికీ ఒక ఆరోగ్య పుస్తకం ఉండాలన్నారు. 2013 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని (ఆర్‌బీఎస్‌కే) తెచ్చింది. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండే సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వెళ్లాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో జాప్యం - ఈ నాలుగింటి కింద ముప్పై రకాల సమస్యలను పసిగట్టి, అవసరమైన పిల్లలను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపాలి. ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ఇంకో అడుగు వేసి, ప్రతి విద్యార్థికీ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు ఉండాలంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ రికార్డును ఏ ప్రశ్న అడగాలన్న దగ్గరే ఆగిపోయాం.

రక్తహీనత సంగతే తీసుకోండి. దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఉన్నవారు నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 54.1 శాతం. ఐదో సర్వే (2019-21) నాటికి అది 59.1కి చేరింది. ఆ రెండు సర్వేల నడిమి కాలమంతా వారానికో నీలం ఐరన్ మాత్ర పంచే పథకం నడుస్తూనే ఉంది. 2018లో అనీమియా ముక్త్ భారత్ కూడా తోడైంది. మాత్రల ఇండెంట్‌కు, పంపిణీకి లెక్కలున్నాయి. ఎంతమంది మింగారు, ఎంతమంది కడుపులో తిప్పుతోందని కిటికీలోంచి విసిరేశారు అన్నదానికి లెక్క లేదు. హాస్టల్‌లో చదువుకున్న ఎవరినడిగినా ఆ కిటికీ సంగతి చెబుతారు. నిజమైన రికార్డయితే అడగాల్సింది ఒక్కటే: జులైలో 8.6 ఉన్న ఈ అమ్మాయి హిమోగ్లోబిన్ నవంబరులో ఎంత? పెరిగితే సరే. మూడు నెలలు మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరగలేదంటే కారణం వేరే ఉంది. నులిపురుగులు కావచ్చు, నెలసరిలో అధిక రక్తస్రావం కావచ్చు, థలసీమియా కావచ్చు. మన్యంలోనో ఆదిలాబాద్ గూడేల్లోనో అయితే సికిల్ సెల్ కావచ్చు. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలిస్తూ పోయి పంపిణీ గడి నింపుకుంటే నూటికి నూరు వచ్చినా వైద్యం జరిగినట్టు కాదు. 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పిల్లలకు పరీక్షలు జరుగుతున్నాయి. ఆ ఫలితం బడికొచ్చే ఆరోగ్య బృందం ట్యాబ్‌లో కనిపించాలి కదా? ఒక పథకానికి ఒక పోర్టల్ చొప్పున కట్టుకుంటూ పోతే ఒకే పిల్ల నాలుగు చోట్ల నలుగురిగా ఉంటుంది.

కళ్లద్దాల కథా ఇంతే. కంటి వెలుగు తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైంది. ఆంధ్రలో తొలి విడత బడి పిల్లలకే. మంచి పనే. అయితే ఎదిగే పిల్లల చూపు ఏడాదికోసారి మారుతుంది, ఫ్రేము అంతకంటే ముందే విరుగుతుంది, ‘నాలుగు కళ్లు’ అని తోటివాళ్లు ఏడిపిస్తే అద్దాలు సంచిలోకి వెళ్లిపోతాయి. ఇచ్చిన అద్దాల సంఖ్య పథకం ఖర్చును చెబుతుంది. మూడు నెలల తర్వాత తరగతి గదిలో ఎందరి ముక్కు మీద అవి ఉన్నాయన్నది పథకం నాణ్యతను చెబుతుంది.

ఈ తేడాను అమెరికా కాస్త ముందుగా పట్టుకుంది. అక్కడ చాలా బడుల ఆవరణలోనే చిన్న క్లినిక్‌లు ఉంటాయి. 2009లో పిల్లల ఆరోగ్య బీమా చట్టాన్ని పునరుద్ధరించినప్పుడు వైద్య నాణ్యతను కొలిచే ప్రయోగాలకు నిధులు కేటాయించారు. కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాలు కలిసి ఆ డబ్బును బడి క్లినిక్‌ల మీద పెట్టాయి. విద్యార్థి తన దిగులు, నిద్ర, ఇంటి పరిస్థితి గురించిన ప్రశ్నలకు ట్యాబ్‌లో జవాబిస్తే, లోపలికి వెళ్లేసరికి అది వైద్య సిబ్బంది ముందుండేది. అలాంటి క్లినిక్‌ల అనుభవం నుంచి మనం నేర్చుకోదగ్గవి చిన్న విషయాలే, అయినా కీలకమైనవి. వైద్యుడు గమనికల్లో వాక్యాలుగా రాసింది కంప్యూటర్‌కు లెక్కగా అందదు. కొలవాలనుకున్న ప్రతిదానికీ ముందే ఒక గడి ఉండాలి. రెండోది, దేనిలో శాతం అన్న పేచీ. క్లినిక్‌కు వచ్చినవారిలో తొంభై శాతానికి పరీక్ష చేశామంటే వినడానికి బాగుంటుంది. బడిలో పేరున్న పిల్లలందరిలో లెక్కేస్తే అది నలభై కావచ్చు. మన దగ్గరా బృందం వచ్చిన రోజు బడికి రాని పిల్లే తరచూ జబ్బు పిల్ల. ఆ పిల్ల లెక్కలోంచి జారిపోతే శాతం పెరుగుతుంది, నాణ్యత తగ్గుతుంది.

మన రాష్ట్రాల్లో బడి క్లినిక్ అనదగ్గది ఏదైనా ఉంటే అది గురుకులాలు, ఆశ్రమ పాఠశాలల్లోని సిక్ రూమ్. అక్కడి ఓపీ పుస్తకంలో రోజూ రాసేది చాలా విలువైన సమాచారం: ఎవరికి జ్వరం, ఎవరికి వాంతులు, ఎందరికి గజ్జి. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో వందమందికి పైగా పచ్చకామెర్లతో ఆసుపత్రుల పాలయ్యారు, ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. కలుషిత నీటితో వ్యాపించే కామెర్లు ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాల నుంచి నెల దాటే దాకా పడుతుంది. అందుకే కేసులు ఒక్కసారిగా కాక విడతలుగా బయటపడుతుంటాయి. కంప్యూటర్ రికార్డు ఉంటే అక్కడి ప్రాణాలు దక్కేవని అనడం తేలికే, కానీ అలా అనలేం. ఒకే డార్మిటరీలో ఆకలి లేదనీ వికారమనీ వారంలో ఆరుగురు వచ్చారన్న సంగతి పీహెచ్‌సీ డాక్టరుకు అదే రోజు తెలిస్తే నీళ్ల ట్యాంకు వైపు చూపు తొందరగా మళ్లుతుందని మాత్రం అనగలం. అందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సిక్ రూమ్‌లో ఒక ఏఎన్‌ఎం ఉండాలి. ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే ట్యాబ్ ఎంత కొత్తదైనా ఏం రాస్తుంది?

ఉన్న ఏఎన్‌ఎంల పరిస్థితి కూడా చెప్పుకోవాలి. పగలు రిజిస్టరు, సాయంత్రం యాప్, సర్వర్ మొరాయిస్తే రాత్రి మళ్లీ యాప్. నింపినదంతా పైకి పోతుంది, తిరిగి ఆమెకు ఏమీ రాదు. ఈ వారం మళ్లీ చూడాల్సిన పిల్లల జాబితా పొద్దున ట్యాబ్ తెరవగానే కనిపిస్తే ఆ ఎంట్రీ ఆమెకే పనికొస్తుంది. అప్పుడు ఎవరూ వెంటపడక్కర్లేదు. రంగులు చూపించి మెమోలిచ్చే సమీక్ష ఉన్నంతకాలం పచ్చరంగు ఎలా తెప్పించాలో కింది సిబ్బందికి బాగా తెలుసు. హిమోగ్లోబిన్ తీయకుండానే పదకొండున్నర అని రాయడం ఎంతసేపు? పైకి పంపిన పిల్లల్లో సగం మంది ఆసుపత్రికి చేరలేదని నిజాయితీగా నమోదు చేసిన మండలాన్ని మందలించకుండా, ఎందుకు చేరలేదని అడిగే అధికారులు కావాలి. తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకోవాల్సి వచ్చిందా, బస్సు లేదా, వెళ్లిన రోజు డీఈఐసీలో డాక్టరు లేరా? రికార్డులో ఈ కారణానికి కూడా ఒక గడి కావాలి. వాహనానికి డబ్బివ్వాలా, డాక్టరును నియమించాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇక గోప్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఆరోగ్య సేవలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, నెలసరి సమస్యో, మూర్ఛో, మానసిక వేదనో వార్డెనుకూ తరగతి టీచరుకూ తెరిచి చూపాల్సిన వివరాలు కావు. టీచరుకు తెలియాల్సింది ముందు బెంచీలో కూర్చోబెట్టాలని, ఫలానా మాత్ర ఫలానా వేళకు వేయాలని. అంతవరకే చాలు.

బడి మారే పిల్లతో టీసీ వెళుతుంది, ఆరోగ్య చరిత్ర వెళ్లదు. ఐదో తరగతిలో చేరి ఇంటర్ దాకా ఒకే గొడుగు కింద ఉండే గురుకుల పిల్లలతో ఈ పని మొదలుపెట్టడం తేలిక. వచ్చే జూన్‌లో చేరే ఐదో తరగతి పిల్లలకు రక్తం, చూపు, బరువు - ఈ మూడింటితో రికార్డు తెరిచి, ఫిబ్రవరిలో అదే పిల్లల అవే మూడింటిని మళ్లీ నమోదు చేసి, రెంటి మధ్య తేడాను బడివారీగా ప్రచురించమని ప్రభుత్వాలను అడగాలి.