వియద్విహారమును బాధ్యతయు

ఆకాశమున నెగురవలెనను కోరిక మానవునకు నిన్నటిది గాదు. మన పూర్వులు పుష్పకమును భావించిరి. సూర్యునివైపు పందెముగ నెగిరిన జటాయువును, ఆ తమ్ముని తన రెక్కల నీడను దాచి తాను రెక్కలు గాల్చుకొన్న సంపాతిని రామాయణమున నిలిపిరి. నాటి భావన నేడు వెలకు దొరకుచున్నది. హిమాచల ప్రదేశమున కాంగ్రా జిల్లాయందు, ధౌలాధర పర్వతపంక్తి యొడిలో, సుమారు 2,400 మీటర్ల యెత్తున బిల్లింగు అను పచ్చికబయలు కలదు. అచట గుడ్డరెక్కను విప్పి గాలిలోని కురికినవారు దాదాపు వేయి మీటర్ల దిగువనున్న బీర్ గ్రామపు పొలములయొద్ద దిగుచున్నారు. దేశము నలుమూలలనుండి యాత్రికులు, అందు మన తెలుగువారును, ఈ ముచ్చట తీర్చుకొనుటకై ఆ కొండలకు బోవుచున్నారు. కావున దీని మంచిచెడ్డలు విచారించుట మనకు పరాయిపని గాదు.

ఈ విద్య వట్టి వినోదముగ బుట్టలేదు. జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియెంతాల్ 1891 మొదలు 1896 వరకు కొయ్యబద్దలతోను నూలుగుడ్డతోను రెక్కలు గట్టి, బెర్లినుచెంత నొక మట్టిదిబ్బను పనిగట్టుకొని పోయించి, సుమారు రెండువేల పర్యాయములు గాలిలో జారెను. 1896 ఆగస్టు 9వ తేదీన నేలగూలి మరునాడు మరణించెను. అమెరికాయందు ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన సతి గర్ట్రూడును 1948లో బిగువులేని గాలిపటపు రెక్కను కల్పించిరి. 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ అట్టి రెక్కకు అమర్చిన పట్టుకమ్మీలనుండియే నేటి హాంగ్‌గ్లైడరు రూపొందెను. 1978లో ఫ్రాన్సు దేశపు మియుస్సీ గ్రామమున కొందరు పారాచూటుదారులు విమానపు ఖర్చు లేకుండ సాధన చేయగోరి, కొండవాలున బరుగెత్తి యెగిరిరి. పారాగ్లైడింగునకు అదియే నాంది. బిల్లింగు కొండపై 1984లోనే హాంగ్‌గ్లైడింగు పోటీలు జరిగెను. 2015 అక్టోబరులో భారతదేశమున ప్రప్రథమముగ పారాగ్లైడింగు ప్రపంచకప్పు పోటీ యిచటనే నడచెను. అనగా లోకము గౌరవించు ఆకాశక్షేత్రము మనకు గలదు. ఇది గర్వింపదగిన సంగతి.

కాని గాలి గర్వమును లెక్కచేయదు. హాంగ్‌గ్లైడరునకు అల్యూమినియపు గొట్టముల యెముకలగూడు కలదు. పారాగ్లైడరునకు ఎముక లేదు. గుడ్డతో గుట్టిన అరలలో నిండిన గాలియే దాని ఎముక. అందువలన దానిని మడిచి మూటగట్టి భుజమున మోయవచ్చును. అందువలననే గాలి అల్లకల్లోలమైనప్పుడు అది యొక ప్రక్క ముడుచుకొనిపోవను వచ్చును. ఎండకు కొండవాలు వేడెక్కి పైకి లేచు వెచ్చని గాలి రెక్కను మింటి కెత్తును. ఆ గాలియే మితిమీరినచో రెక్కను కలతపెట్టును. ఎత్తున నున్నప్పుడు సరిదిద్దుకొనుటకు వ్యవధి కలదు, ఆపద్ధర్మముగ రెండవ పారాచూటును విప్పవచ్చును. నేల దగ్గరపడిన పిమ్మట ఆ వ్యవధి లేదు. కాబట్టియే వానకాలమున, జూలై 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, హిమాచల ప్రభుత్వము ఈ క్రీడను ఏటేట నిలుపుచున్నది. ప్రకృతికి గడువు నిర్ణయించుట సులభము. మనుష్యుల అజాగ్రత్తకు గడువు నిర్ణయించుటయే కష్టము.

జరిగినవి చూడుడు. 2021 డిసెంబరులో బీర్ బిల్లింగునందు పైలటుతో గూడి యెగిరిన యొక బాలుడు మరణించెను. 2022 జనవరిలో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము తనంత తానై విచారణకు గైకొని, నిపుణుల పరీక్ష జరుగువరకు ఇట్టి క్రీడలను నిలుపుమని యాజ్ఞాపించెను. 2024 ఫిబ్రవరిలో పొరుగుననున్న కులూ లోయలో తెలంగాణమునుండి వెళ్ళిన యొక యువతి ఆకాశమునుండి పడి ప్రాణములు గోల్పోయెను. బిగింపవలసిన పట్టీని సరిగా బిగింపలేదని నాటి తొలి విచారణలో దేలినట్లు పత్రికలు ప్రకటించెను. అదే యేట అక్టోబరు చివర బిల్లింగు గగనమున రెండు రెక్కలు ఢీకొనగా ఒక బెల్జియము దేశీయుడు మరణించెను. ఈ మూడును ఒకే తీరువి గావు. బెల్జియము దేశీయుడు తన రెక్కను తానే నడపుకొనువాడు. ఆపద నెరిగి యెగిరినవాడు. బాలుడును యువతియు ఇతరుల చేతులయందు తమ ప్రాణములను బెట్టినవారు. ఈ భేదమును గ్రహింపకయే మనవారు వాదములు సాగించుచున్నారు.

ఎగురకముందు యాత్రికునిచేత నొక కాగితముపై సంతకము చేయించుకొను ఆచారము ఈ వ్యాపారమున గలదు. ఏమి జరిగినను బాధ్యత తనదేయని అందుండును. ఆ కాగితమును చూచి మృతుల బంధువులు నోరు మూసికొనరాదని చెప్పుట న్యాయవాదవృత్తి నెరిగిన మాకు విధి. ఆపదకు సమ్మతించినవాడు గాలివలన వచ్చు ఆపదకు సమ్మతించెనే గాని, పట్టీ బిగింపని నిర్లక్ష్యమునకు సమ్మతింపలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము సేవాలోపమునకు పరిహారమును విధించుటేగాక, అన్యాయమైన ఒప్పందములను ప్రశ్నించుటకును దారి చూపినది. నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవానికి పూర్వపు శిక్షాస్మృతి రెండేండ్లవరకు చెరను విధించుచుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను దానిని అయిదేండ్లవరకు హెచ్చించినది.

అయినను శిక్ష హెచ్చినంతమాత్రమున ప్రాణములు నిలువవు. పైలటుగ పనిచేయు కుర్రవాడు ఒక్కొక్క యెగురుటకు ఇంతయని కూలి పుచ్చుకొనువాడైనచో, గాలి మారినదని తెలిసియు ఆ దినపు చివరి బేరమును వదలుకొనుట వానికి కష్టము. వానిని తొందరపెట్టిన యజమాని కార్యాలయమున గూర్చుండును; పోలీసులు పట్టుకొనిపోవునది ఆ కుర్రవానిని. ఇది న్యాయము గాదు. కూలిని గాలికి ముడివేసినవాడును ఆ మరణమునకు ఉత్తరవాదియే.

ఈ క్రీడను సమూలముగ నిషేధింపవలెనని కొందరందురు. మేము దాని నంగీకరింపము. సాహసము లేని జాతి యెదుగదు. మరియు ఆ కొండయూళ్ళ యువకులకు, పుట్టినయూరు విడువకుండ బ్రతుకు జూపినది ఈ విద్యయే. ప్రభుత్వము జోక్యము చేసికొన్న స్వేచ్ఛ నశించునని మరికొందరందురు. ఒంటరిగ నెగురువాని విషయమున ఆ మాట కొంత నిజము. కాని డబ్బు పుచ్చుకొని పరులను మోయువానికి ఆ మాట చెల్లదు. పడవ నడుపువానికి, బస్సు నడుపువానికి లేని స్వేచ్ఛ ఆకాశమున బేరము చేయువానికి ఎట్లు గలుగును?

నియమములు లేవని యెవరును అనజాలరు. హిమాచలమున 2004లోనే వియత్క్రీడల నియమములు వెలువడెను. లేనిది నిత్యపాలన. కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ఎగురు ప్రతిదినమును ఉదయము గాలిని జూచి నిలుపుమని చెప్పు అధికారము, వ్యాపారముతో సంబంధములేని యుద్యోగికి ఉండవలయును. రెండవది, యాత్రికుని పట్టీలను పైలటేగాక రెండవ మనిషియు తాకి చూచినగాని కాలు నేలవిడువరాదు. మూడవది, గాలి బాగులేని దినమున పైలటునకు కనీసపు కూలి ముట్టవలయును. నాలుగవది, ప్రతి ప్రమాదముయొక్క కారణమును బహిరంగముగ ప్రకటింపవలయును. ఒకచోటి తప్పు మరియొకచోటి వారికి పాఠము కావలయును. మన తెలుగు కొండలపై ఇట్టి క్రీడను నెలకొల్పదలచువారును ఈ నాలుగింటిని మొదటనే గైకొనుట మేలు.

సంపాతి తనకై రెక్కలు గాల్చుకొనలేదు, తన నీడను నమ్మినవానికై కాల్చుకొనెను. పరుల ప్రాణమును వీపున గట్టుకొని యెగురువానికి ధర్మమదియే. ఆ ధర్మమును చట్టముగ జేసి, చట్టమును దినదినము నడపుట ప్రభుత్వముయొక్క పని. నడపుమని యడుగుట మన పని.