ఎల్లుల్లి ఉండగా డాక్టరెందుకు అనేవాళ్లకి

పోయిన వానాకాలం మండల కేంద్రంలో ఒక సమావేశం జరిగింది. మా కొండ మీది ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఉండడం లేదని, జ్వరమొచ్చిన మనిషిని డోలీ కట్టి కిందికి దించేసరికి తెల్లారిపోతోందని చెప్పుకోవడానికి పది ఊళ్ల నుంచి వెళ్లాం. వేదిక మీదున్న పెద్దాయన మా మాట మొత్తం విన్నారు. విని నవ్వారు. "మీకేంటయ్యా, అదృష్టవంతులు. చోడి అంబలి, ఎల్లుల్లి కారం, కొండగాలి. పట్నంలో వేలు పోసి కొనుక్కుంటున్న మందు మీ పొయ్యి పక్కనే ఉంది. మీకు జబ్బులెందుకొస్తాయి?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో మేమూ ఉన్నాం, అది దాచుకోనక్కర్లేదు. మన తిండిని ఒకరు మెచ్చుకుంటే ఎవరికైనా సంతోషమే కదా. తిరుగు జీపు ఎక్కాక గాని తట్టలేదు, డాక్టరు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదని.

అప్పటి నుంచి ఆ చప్పట్లు మాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఎల్లుల్లి మీద మాకు ఏ కోపమూ లేదు. మేం ఎల్లుల్లి అంటాం, గోదావరి అవతల మావాళ్లు ఎల్లిగడ్డ అంటారు, పుస్తకాల్లో వెల్లుల్లి. ఏ పేరుతో పిలిచినా అది లేని రోజు మా ఇంట్లో ముద్ద దిగదు. మా కోపమంతా దాన్ని మా నోట్లోకి అడ్డం పెట్టేవాళ్ల మీద. మొన్నమొన్నటి దాకా అదే ఎల్లుల్లిని చూపించి మమ్మల్ని వెలివేసినవాళ్లు, ఇవాళ దాన్నే చూపించి మందుబిళ్ల ఎగ్గొడుతున్నారు.

మాలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో, ఆ తర్వాత పట్నం హాస్టళ్లలో చదువుకున్నాం. సెలవులయ్యాక తిరిగొచ్చేటప్పుడు అమ్మ డబ్బాలో ఎల్లుల్లి కారం నింపి పంపేది. మూత తీస్తే చాలు, పక్క మంచం వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. కొండోళ్ల కంపు అనేవాళ్లు. ఒక హాస్టల్లో వార్డెన్ ఆ డబ్బాలన్నీ తీయించి వరండా బయట పెట్టించారు. మాలో ఒకామె మూడేళ్లపాటు తన డబ్బా సంచి అడుగునే దాచి, చివరికి కారం పారబోసి, ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళ్లి "బాగుందే అమ్మా" అని చెప్పింది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఆమెకు ఏడుపొస్తుంది. ఆ ముక్కు మూసుకున్నవాళ్ల ఇళ్లలో కోడికూరకు అల్లం వెల్లుల్లి ముద్ద వేయరా? వేస్తారు. దోసెడు వేస్తారు.

ఈ ముక్కు మూసుకోవడం నిన్నటిది కాదు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ద్విజులు తినకూడనివాటి జాబితా ఉంది. వెల్లుల్లి, ఉల్లి, వాటితో పాటు పుట్టగొడుగులు. తొలకరి జల్లు పడగానే మా పిల్లలు అడవిలోకి పరిగెత్తేది ఆ పుట్టగొడుగుల కోసమే. అయిదో శతాబ్దం మొదట్లో చైనా నుంచి వచ్చిన ఫాహియాన్ మధ్యదేశం గురించి రాస్తూ, అక్కడ ఉల్లి, వెల్లుల్లి తినేది చండాలురు మాత్రమే అన్నాడు. వాళ్లు ఊరి బయట ఉంటారని, బజారులోకి వస్తే ఇతరులు తప్పుకోవడానికి వీలుగా కర్రతో చప్పుడు చేసుకుంటూ రావాలని కూడా రాశాడు. తిండికీ ఊరి పొలిమేరకూ ముడి ఎంత పాతదో చూడండి.

అదే కాలపు వైద్యులకు మాత్రం వెల్లుల్లి గుణం బాగా తెలుసు. 1890లో మధ్య ఆసియాలోని కూచా దగ్గర బోవర్ అనే ఆంగ్లేయ సైనికాధికారి చేతికి ఒక పాత సంస్కృత రాతప్రతి వచ్చింది. అందులోని వైద్య భాగం మొదలవడమే వెల్లుల్లితో మొదలవుతుంది. అమృతం తాగిన అసురుడి తల నరికితే నేల మీద పడ్డ చుక్కల నుంచి వెల్లుల్లి పుట్టిందని, అందుకే బ్రాహ్మణులు దాన్ని తినరని అందులో కథ. మరి తినకూడనివాళ్లకు ఆ గుణం దక్కేదెలా? దానికీ దారి చెప్పారు. ఆవుకు మూడు రాత్రులు దాదాపు గడ్డి లేకుండా ఉంచి, ఆ తర్వాత గడ్డిలో వెల్లుల్లి కలిపి పెట్టాలి. ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి పుచ్చుకోవచ్చు. వాసన ఆవు నోటికి, గుణం వీళ్ల ఒంటికి. ఇప్పుడు ఆవుకు ఆ బాధ తప్పింది. మందుల షాపులో వెల్లుల్లి నూనె గొట్టాలు సీసాల్లో అమ్ముతున్నారు, వాసన రాని రకమని పైన రాసి మరీ.

మా వైపు నుంచి కూడా కొన్ని నిజాలు ఒప్పుకోవాలి. ఎల్లుల్లి మా అడవిలో పుట్టింది కాదు. దాని పుట్టిల్లు మధ్య ఆసియా. మాకది సంతలో దొరికింది. మా తాతలు చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు కావడి కట్టుకుని దిగి, ఉప్పు, ఎండుచేపలు, ఎల్లుల్లి కట్టుకుని ఎక్కేవాళ్లు. ఇవాళ దేశంలో ఎక్కువ ఎల్లుల్లి పండేది మధ్యప్రదేశ్‌లో. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ మా రోలు ఆగుతుంది. 2024 మొదట్లో ధర కిలో 400 రూపాయలు దాటినప్పుడు సంతలో మేం గడ్డల లెక్కన కొనుక్కున్నాం. పొయ్యి పక్కన ఊరికే పడి ఉండే మందు అని వేదిక మీద చెప్పినాయన ఆ నెలల్లో మా సంతకు రాలేదు.

కొనుక్కుని ఏం చేస్తామంటే, ముందు తింటాం. ఎండుమిరపకాయలు, ఉప్పు, ఎల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా నూరి చోడి అంబలిలోకి నంజుకుంటాం. వెదురు కొమ్ముల కూరకీ ఎండుచేపల పులుసుకీ అదే ప్రాణం. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే ఎర్రచీమల పచ్చడిలో కూడా చీమలతో పాటు ఎల్లుల్లి, అల్లం, మిరపకాయ పడతాయి. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమలు తినేవాళ్లని ఎన్నాళ్లు వెక్కిరించారో, ఇప్పుడు ఆ పచ్చడి గురించి పేపర్లో రంగుల బొమ్మ వేశారు. సరే, సంతోషం.

తర్వాత మందు. బాలింతకు మొదటి ముద్ద ఎల్లుల్లి కారంతో కలిపి పెడతాం, పాలు పడతాయని, ఒళ్లు వెచ్చగా ఉంటుందని. పడిశం పట్టిన పిల్లాడికి నూనెలో నాలుగు రెబ్బలు కాచి, రెబ్బలు తీసేసి, చల్లారాక అరికాళ్లకు రాస్తాం. మా అమ్మమ్మలు ఇంకో మాట చెప్పేవాళ్లు: నూరిన వెంటనే పొయ్యి మీద వేయొద్దు, కాసేపు అలా ఉండనివ్వు. ఎందుకని అడిగితే "ఘాటు రావాలి కదే" అనేవాళ్లు.

ఆ ఘాటు సంగతి శాస్త్రవేత్తలూ చెప్పారు. రెబ్బ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అందులో ఆ వాసన ఉండదు. నలిపినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ తయారవుతుంది. నలిపిన వెంటనే వేడి తగిలితే అది సరిగా తయారు కాదు. 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనే ఇద్దరు దాన్ని వేరు చేసి, క్రిములను చంపే గుణం ఉందని చూపించారు. చూపించింది ప్రయోగశాల గాజు పాత్రలో. తిన్న అల్లిసిన్ అలాగే మన నెత్తురులోకి చేరదు, దారిలోనే మారిపోతుంది. రక్తపోటు ఎక్కువున్నవాళ్లలో వెల్లుల్లి మాత్రలు దాన్ని కొంచెం తగ్గిస్తాయని మనుషుల మీద చేసిన పరీక్షలు చెబుతున్నాయి. కొంచెమే. బీపీ బిళ్ల మానేసి రెబ్బలు నమలమని ఆ పరీక్షలు చెప్పలేదు. నెత్తురు పలచబడే మందులు వాడేవాళ్లు దీన్ని మోతాదు మించి మింగితే నెత్తురు ఆగకుండా పోయే ప్రమాదం ఉంది, ఆపరేషనుకు ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. పచ్చి ముద్ద చర్మం మీద పెట్టి కట్టు కడితే నిప్పు తగిలినట్టు బొబ్బలెక్కుతాయి. పసిపిల్లల ఛాతీ మీద అలా కట్టే అలవాటు మాలోనూ కొందరికి ఉంది. అది మానుకోవాలి, అక్కచెల్లెళ్లకు గట్టిగానే చెబుతున్నాం. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే తీరుగా చెప్పింది: వెల్లుల్లి మంచి ఆహారమే, కాని అది తింటే కరోనా రాదనడానికి ఆధారం లేదు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నామంటే, మా ఊళ్లలో ఒక పిల్లాడి వల్ల.

ఆ పిల్లాడికి చలిజ్వరం వచ్చింది. తల్లి మూడు రోజులు ఎల్లుల్లి కాచిన నీళ్లు పట్టింది. తెలివి లేదా అని ఆమెను తిట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. తర్వాత నెమ్మదిగా కూర్చుని అడిగాం. ఆశా దగ్గర మలేరియా పరీక్ష పట్టీలు అయిపోయాయట. వాగు పొంగింది. వాగు దాటినా జీపుకు డబ్బుల్లేవు. ఫోనులో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ఎల్లుల్లి నీళ్లు మూడు రోజులు తాగితే మలేరియా పోతుందని చెప్పాడు. ఆమె చేతికి అందినవి ఆ నీళ్లే. నాలుగో రోజు వాగు తగ్గాక డోలీలో దించారు. వేలి మీద గుచ్చి చూస్తే ఫాల్సిపారం అన్నారు. మూర్ఛ కూడా వచ్చింది. పిల్లాడు బతికాడు, అది మా అందరి అదృష్టం. కాని ఇప్పుడు చెప్పండి, తెలివి లేనిది ఎవరికి? పరీక్ష పట్టీ ఖరీదెంత, మూడు రోజుల బిళ్లల ఖరీదెంత? ఆ రెండూ ఆ ఇంటి దాకా వచ్చి ఉంటే ఆమె ఫోను వైపు చూసేదా?

ఆ పిల్లాణ్ని బతికించిన మందు కూడా ఒక మొక్క నుంచే వచ్చింది. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త, సుమారు పదహారు వందల ఏళ్ల కిందటి వైద్యుడు గే హాంగ్ పుస్తకం తిరగేస్తూ, ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న ముక్క చదివింది. కాస్తే గుణం పోతోందేమోనని అనుమానపడి, తక్కువ వేడితో సారం తీసింది. ముందు తానే తాగి చూసుకుంది, ఆ తర్వాతే రోగులకు ఇచ్చింది. అలా వచ్చింది ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ ఇచ్చారు. పాత వైద్యాన్ని గౌరవించడమంటే ఆమె చేసిన పని. మా గురువులు వాడే వేర్లు, బెరడులు తీసుకుని అలా పరీక్ష చేయండి, పనికొస్తే మా పేరు చెప్పి మా వాటా ఇవ్వండి, పనికి రాకపోతే ఆ మాటా మా మొహం మీదే చెప్పండి. వేదిక ఎక్కి పొగిడి దిగిపోతే మా మొక్కకూ గౌరవం లేదు, మా ప్రాణానికీ లేదు.

పట్నాల్లో రోడ్డు పక్కన డేరాలు చూసే ఉంటారు. కొండ మూలికలు అని బోర్డు, నెమలి ఈకలు, సీసాల్లో ఏవో వేర్లు. షుగరు, బీపీ, గుండె జబ్బు అన్నీ పోతాయంటారు. ఆ జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. పట్టుకునేవాళ్లు లేరు. మా పేరు మాత్రం పోతోంది.

ఇంత పొగిడిన ఎల్లుల్లి బడి పిల్లల పళ్లెం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తామసం అవుతుంది. 2018, 2019 సంవత్సరాల్లో కర్ణాటకలో ఇదే గొడవ. మధ్యాహ్న భోజనం సరఫరా చేసే ఒక పెద్ద సంస్థ ఉల్లి, వెల్లుల్లి వేయకుండా వండుతోందని, రుచి లేక పిల్లలు సరిగా తినడం లేదని ఆహార హక్కు ఉద్యమకారులు అడ్డం తిరిగారు. ఉల్లి, వెల్లుల్లి లేకపోయినా పోషకాలు సరిపోతాయని ఆ సంస్థ వాదించింది. పోషకాలు కాగితం మీద సరిపోతాయేమో, అన్నం పళ్లెంలో మిగిలిపోతే పిల్లాడి కడుపులోకి ఏం పోయినట్టు? అలాంటి పెద్ద వంటశాలల నుంచి బళ్లకు భోజనం పంపే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. రేపు మా కొండలకూ వస్తుంది. మా పిల్లల తిండి మా ఊరి ఆడవాళ్లే వండాలని, ఎల్లుల్లి, గుడ్డు రెండూ ఉండాలని మేం ఇప్పుడే అంటున్నాం.

వచ్చే సమావేశానికి మళ్లీ వెళ్తున్నాం. పెద్దాయనకు ఒక సీసా ఎల్లుల్లి కారం కూడా తీసుకెళ్తాం, ప్రేమగానే ఇస్తాం, అన్నంలో కలుపుకుని తినమంటాం. అర్జీలో మాత్రం దాని ఊసు ఉండదు. ఆరోగ్య కేంద్రంలో రాత్రి డాక్టరు. వానలకు ముందే ప్రతి ఆశా సంచిలో పరీక్ష పట్టీలు, బిళ్లలు. సికిల్ సెల్ పిల్లలకు నెలనెలా మందు. ఆ వాగు మీద వంతెన. ఇవన్నీ చదివి వినిపించే దాకా ఎవరేం పొగిడినా చప్పట్లు కొట్టొద్దని మావాళ్లకు ఈసారి జీపు ఎక్కకముందే చెబుతాం.