అయ్యగారి ఇంటి చరిత్ర

మొన్న సెలవుల్లో నా పాత శిష్యుడొకడు చంకలో నోటుబుక్కు పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వాళ్లది నాగిరెడ్డిపేట. తాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో పాదిరిగా పనిచేసినవాడు. మన పల్లెల్లో పాదిరిని అయ్యగారంటారు. ఆయన ఉండే ఇల్లు అయ్యగారిల్లు.

"మా ఇంటి చరిత్ర రాసిన సార్. కొంచెం భాష దిద్ది పెట్టండి. అచ్చు వేయించి చుట్టాలకు పంచుదామనుకుంటున్నం" అన్నాడు.

దిద్దడం నా వృత్తి గదా! కాఫీ చల్లారేలోగా పది పేజీలూ చదివేశాను. అక్షరదోషాలు పెద్దగా లేవు. మొదటి మూడు పేజీలూ మెదక్ చర్చి చరిత్ర. 1914లో పని మొదలైందనీ, కరువు రోజుల్లో కూలీలకు తిండిగింజలిచ్చి కట్టించారనీ, 170 అడుగులకు పైబడిన గోపురమనీ, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ, 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయనీ వివరంగా రాశాడు. తరువాతి రెండు పేజీలు ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారివి. 1895లో సికింద్రాబాదుకు వచ్చిన ఆ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ గుర్రమెక్కి మెదక్ చేరిన వైనమంతా ఉంది. అటుపైన నాలుగు పేజీలు తాతగారి ఉద్యోగ పర్వం: ఏ ఊళ్లో ఎన్నేళ్లు, ఏ బిషపుగారు మెచ్చుకున్నారు, ఎక్కడ సన్మానం జరిగింది.

చివరి పేజీలో ఒక్క వాక్యం: "వారి ధర్మపత్ని అనుకూలవతియై, ఎనమండుగురు సంతానమును పెంచి, ప్రభువునందు నిద్రించినది."

"బాబూ, మీ నాయనమ్మగారి పేరేమిటి?" అని అడిగాను.

అతను తలగోక్కున్నాడు. "మేమంతా అవ్వ అనేవాళ్లం సార్. ఊళ్లోవాళ్లు అయ్యగారమ్మ అనేటోళ్లు. పేరు... అడిగి చెప్తాను."

నేను నవ్వలేదు. మా ముత్తవ్వ పేరు నన్నడిగితే నా గతీ అంతే. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు ఫలానావారి భార్యగా, ఫలానావాడి తల్లిగా బతికి, పేరు వెంట తీసుకుపోయినవాళ్లే. ఆ నోటుబుక్కు అతనికి తిరిగిచ్చి, "ఇందులో చర్చి ఉంది, దొరగారున్నారు, తాతగారున్నారు. ఇల్లు మాత్రం లేదు. మీ పెద్ద మేనత్తగారు ఉన్నారన్నావు గదా, ఆమె దగ్గర నాలుగు పూటలు కూర్చో" అన్నాను.

అయ్యగారింటి చరిత్ర రాయడం ఒక విధంగా కష్టమే. భూములున్న కుటుంబానికి పట్టాలుంటాయి, పాత ఇల్లుంటుంది. అయ్యగారి ఇల్లు సంఘానిది. నాలుగేళ్లకో అయిదేళ్లకో బదిలీ కాగితం రాగానే పెట్టె, బేడ, పిల్లలు బండెక్కవలసిందే. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక్కొక్కరు పుట్టింది ఒక్కొక్క ఊళ్లో. పైగా వాళ్లు బండి దిగినా దిగకపోయినా కాలం ఊరకుండదు. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టు, ఆంగ్లికన్ మొదలైన సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘమైంది. మరుసటి ఏడు సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. 2016లో నాగిరెడ్డిపేట నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాకు వచ్చింది.

నెల తిరిగాక శిష్యుడు మళ్లీ వచ్చాడు. ఈసారి పుస్తకం లావెక్కింది.

మేనత్తగారికి ఎనభై దాటాయట. మొదట "ఆమెది ఏమున్నది రాసేతందుకు?" అన్నదట. మూడోపూట తానే మొదలుపెట్టింది. "మీ తాత జీతమున్న అయ్యగారు. మీ అవ్వ జీతం లేని పంతులమ్మ, బిడ్డా!" అన్నది. పొద్దంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లను రాత్రి కందిలి ముందు కూర్చోబెట్టి, పాటల పుస్తకం మీద వేలుపెట్టి అక్షరాలు చెప్పేదట. వాళ్లు వంట చేసుకునేటప్పుడల్లా తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, కొలిచి, సంఘానికి లెక్క అప్పజెప్పేదట. అయ్యగారు సైకిలు మీద పల్లెలు తిరగడానికి పోతే, అర్ధరాత్రి జ్వరమనీ కాన్పనీ తలుపు తట్టినవారికి తలుపు తీసింది ఆమే. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున చుట్టం వస్తే, తనకు ఉపవాసమని చెప్పేదట. "ఆ ఉపాసాలు ఏ కేలండరుల లేవు" అన్నదట మేనత్త.

పేరు కూడా దొరికింది. బాప్తిస్మపు రిజిస్టర్లలో తండ్రి పేరు పక్కన తల్లి పేరు రాస్తారు. పిల్లలు ఎనమండుగురు గనుక అయిదారు ఊళ్ల రిజిస్టర్లలో ఎనిమిదిసార్లు ఆమె పేరుంది. మనవడి పుస్తకంలో ఒక్కసారీ లేని పేరు!

దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీకి గురుపట్టం మొదటిసారి దక్కింది 1976లో. 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల బిషపుగా, ఆ సంఘంలో మొట్టమొదటి మహిళా బిషపుగా అభిషేకం పొందారు. ఈ మాట నేను చెబితే శిష్యుడు కాసేపు ఊరుకొని, "మా అవ్వ అంగీ వేసుకోలేదు గాని సార్, సగం పని ఆమెదే" అన్నాడు. ఆ వాక్యాన్ని అలాగే పుస్తకంలో పెట్టమన్నాను. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

మెదక్ చర్చి మూడు పేజీలూ ఇప్పుడు ఒక పేజీ అయింది. ఆ కట్టడం గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. అవ్వ గురించి రాయడానికి ఇతడొక్కడే.

మీ ఇంట్లోనూ ఎనభై దాటిన అత్తయ్యో, పెద్దమ్మో ఉండే ఉంటుంది. "నాదేమున్నది?" అంటుంది. ఆ మాట విని లేచి వచ్చేయకండి. మూడోపూట దాకా కూర్చోండి.