నాణెం పెట్టె నుంచి బొమ్మల కథ దాకా

మన హాస్టళ్లలో టీవీ అంటే చిన్న పండుగ. స్టడీ అవర్ లేని సమయంలో, ఏ ఛానల్ పెట్టాలన్న తగవుతో సహా, ఆ కాసేపూ మనదే. చిన్న తరగతుల తమ్ముళ్లు కార్టూన్లు కావాలంటారు. పెద్ద తరగతుల వాళ్లం క్రికెట్ అంటాం. చాలాసార్లు కార్టూనే గెలుస్తుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో కార్టూన్ల గురించి, అందులోనూ వీడియోగేముల నుంచి పుట్టిన కార్టూన్ల గురించి మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం. చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాయకుండా ఇదేం విషయమని కొందరు అనవచ్చు. కానీ పిల్లలకు కథ ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అన్నది కూడా చదువుకు సంబంధించినదేనని మా నమ్మకం.

ముందుగా కొంత చరిత్ర. 1980లో జపాన్‌లో నామ్కో అనే కంపెనీ ప్యాక్‌మ్యాన్ అనే ఆటను విడుదల చేసింది. దాన్ని రూపొందించినవారు తోరు ఇవాతాని. నిలువెత్తు పెట్టె, దానికి ఒక తెర, ఒక మీట. అమెరికాలో 25 సెంట్ల నాణెం వేస్తే ఆట మొదలవుతుంది. పసుపుపచ్చని గుండ్రటి బొమ్మ ఒకటి నోరు తెరుచుకుంటూ పద్మవ్యూహం లాంటి దారుల్లో తిరుగుతుంది. అక్కడున్న 240 చిన్న చుక్కల్ని, 4 పెద్ద చుక్కల్ని తినాలి. నాలుగు దయ్యాలు వెంటపడతాయి. ఇంతే. ఆ గుండ్రటివాడు ఎవరు, ఎందుకు తింటున్నాడు, దయ్యాలకు వాడిమీద కోపమెందుకు అన్న ప్రశ్నలకు ఆటలో జవాబు లేదు. ఆడేవాడికి అవసరమూ లేదు.

ఈ ఆటకు అమెరికాలో విపరీతమైన గిరాకీ వచ్చింది. 1982 సెప్టెంబరులో ఏబీసీ ఛానల్‌లో ప్యాక్‌మ్యాన్ కార్టూన్ మొదలైంది. తీసినవారు హానా-బార్బెరా సంస్థవారు. టామ్ అండ్ జెర్రీని సృష్టించిన విలియం హానా, జోసెఫ్ బార్బెరాల సంస్థ ఇది. వీడియోగేమ్ ఆధారంగా వచ్చిన మొదటి టీవీ కార్టూన్ ఇదే. కథ లేని గుండ్రటి బొమ్మకు రచయితలు భార్యను, బిడ్డను, కుక్కను, పిల్లిని ఇచ్చారు. దయ్యాల వెనక మెజ్మరాన్ అనే దుష్టుణ్ణి పెట్టారు. శక్తినిచ్చే గుళికలు కాసే అడవి ఎక్కడుందో కనిపెట్టడమే వాడి పన్నాగం.

అది చూసి మరో ఛానల్ సీబీఎస్ ఊరుకోలేదు. 1983 సెప్టెంబరులో శాటర్‌డే సూపర్‌కేడ్ అనే గంట కార్యక్రమం మొదలుపెట్టింది. రూబీ-స్పియర్స్ సంస్థ తీసింది. ఒక్క గంటలో నాలుగైదు ఆటల కథలు. సర్కస్ నుంచి పారిపోయిన డాంకీకాంగ్ అనే గొరిల్లా, వాణ్ణి పట్టుకోవాలని తిరిగే మారియో ఒక కథ. ఆటలో రోడ్డు దాటడమే పనిగా ఉన్న ఫ్రాగర్ కప్ప ఇక్కడ పత్రికా విలేకరి అయింది. 1984లో కార్ల పందెం ఆట పోల్ పొజిషన్, కత్తిపట్టిన వీరుడి ఆట డ్రాగన్స్ లేయర్ కూడా కార్టూన్లయ్యాయి. ఒక్కొక్కటీ 13 భాగాలతోనే ముగిసింది. ఆ మధ్యలో, 1983లో, అమెరికాలో వీడియోగేముల వ్యాపారం కుప్పకూలింది. ప్యాక్‌మ్యాన్ కార్టూన్ ఆ ఏడాదే ఆగిపోయింది. సూపర్‌కేడ్ 1984 చివర్లో సెలవు తీసుకుంది. సరుకు మోజు మీద లేచిన కథలు ఆ మోజు తగ్గాక ఎక్కువ కాలం నిలవలేదు. ఇందులో మాకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

ఇక మా అభిప్రాయానికి వద్దాం. ఈ కార్టూన్ల విషయంలో పెద్దలు రెండు రకాలుగా మాట్లాడతారు. ఇవి ఒట్టి వ్యాపార ప్రకటనలు, పిల్లల్ని చెడగొడతాయి అనేది ఒక మాట. పిల్లలు నవ్వుకుంటున్నారు, పోయిందేముంది అనేది ఇంకో మాట. రెండిట్లోనూ సగం సగం నిజమే ఉందని మేమనుకుంటున్నాం.

మొదటి మాటనే తీసుకోండి. జాతరలో రంగులరాట్నం ఎక్కాలంటే డబ్బులివ్వాలి. ఇవ్వలేనివాడు పక్కన నిలబడి చూడాలి. నాణెం పెట్టె కూడా అంతే. నాణెం ఉన్నవాడిదే ఆట. కానీ అదే ఆట టీవీలో కథగా వచ్చినప్పుడు, జేబులో చిల్లర లేని పిల్లవాడు కూడా ప్యాక్‌మ్యాన్‌ను చూశాడు, నవ్వాడు. పక్కన నిలబడి చూసేవాళ్ల సంగతి మనకు తెలుసు కాబట్టి, ఇది చిన్న విషయమని మేము అనం.

అయితే ఉచితంగా వచ్చిందల్లా ఉచితం కాదు. మన ఊళ్లలో బుర్రకథ చెప్పినవారికి, తోలుబొమ్మలాట ఆడించినవారికి జనం ధాన్యమో డబ్బో ఇచ్చేవారు. ఖర్చు ఎదురుగా కనిపించేది. కథలోని పాత్ర తెల్లారి దుకాణంలో సరుకై కనిపించేది కాదు. ఈ కార్టూన్లలో కథానాయకుడే సరుకు. శనివారం పొద్దున వాణ్ణి చూసి ఇష్టపడ్డ పిల్లవాడికి సాయంత్రం నాణెం పెట్టె గుర్తుకొస్తుంది. కథకు డబ్బులడగరు, కోరికకు అడుగుతారు. నాణెం ఉన్నవాడికి అది సరదా. లేనివాడికి మనసులో ముల్లు.

కాబట్టి మంచిదా చెడ్డదా అని కాకుండా వేరే కొలత పెట్టుకోవాలంటాం. ఆ ఆట ఎన్నడూ ఆడని, ఎన్నడూ ఆడలేని పిల్లవాడికి ఆ కార్టూన్‌లో పూర్తి కథ దొరికిందా? దొరికితే అది కథ. దొరక్కపోతే ప్రకటన.

ఈ కొలతతో చూస్తే పోల్ పొజిషన్‌కు ఆటతో పేరు, కార్లు తప్ప పెద్దగా చుట్టరికం లేదు. మాట్లాడే కార్లతో ముగ్గురు తోబుట్టువులు దొంగల్ని పట్టుకునే కథ అది. ఆట తెలియనివాడికీ అర్థమవుతుంది. పేరు మాత్రం ఆ ఆటదే. ప్యాక్‌మ్యాన్‌లో కుటుంబం ఉంది, కానీ చివరికి దయ్యాల్ని తినడమే ప్రతి చిక్కుకూ జవాబు. మాకు గొప్పగా తోచింది డ్రాగన్స్ లేయర్. దాని ఆట మామూలు ఆటల కన్నా ఖరీదు, ఒక్కసారికి 50 సెంట్లు. కార్టూన్‌లో మాత్రం విరామానికి ముందు వీరుణ్ణి ఆపదలో నిలబెట్టి, మీరైతే ఏం చేస్తారని పిల్లల్ని అడిగేవారు. విరామం తర్వాత ఏ ఉపాయం పడితే ఏమయ్యేదో చూపించి, ఆ తర్వాతే వీరుడు చేసినది చూపేవారు. ఆటలోని అసలు రుచి తప్పొప్పుల ఎంపికే కదా. దాన్ని నాణెం అడగకుండా పంచిపెట్టారు. వ్యాపారం నీడలో ఉండి కూడా రచయిత నిజాయితీగా పనిచేయవచ్చని దీనివల్ల మేము గ్రహించాం.

ప్రభుత్వాల పాత్ర కూడా చెప్పుకోవాలి. 1984లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ టీవీ ప్రకటనల మీద ఉన్న పరిమితుల్ని ఎత్తేసింది. పెగ్గీ చారెన్ అనే తల్లి 1968లో మరికొందరితో కలిసి స్థాపించిన సంఘం పిల్లల టీవీ బాగుపడాలని ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 1990లో చట్టం వచ్చింది. దాని ప్రకారం పిల్లల కార్యక్రమాల్లో గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు మించి ప్రకటనలు ఉండకూడదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ చట్టం కూడా అడిగితేనే వచ్చింది.

మన దగ్గరికొస్తే, 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ఛోటా భీమ్ మన హైదరాబాదులో తయారైన బొమ్మే. అక్కడ కథ ముందు వచ్చింది, సరుకులు తర్వాత వచ్చాయి. మనవాళ్లు తీసిన బొమ్మ దేశమంతా చూడటం మనకు గర్వకారణం. అయినా మనం పెట్టుకున్న కొలత మనవాళ్లకూ వర్తిస్తుంది. బొమ్మ వేసిన సంచి, బొమ్మ వేసిన టిఫిన్ డబ్బా లేవని చిన్నబుచ్చుకునే తమ్ముళ్లకు మేము చెప్పేదొక్కటే. భీముడి కథ మీకు పూర్తిగా అందింది. సంచి మీద బొమ్మ లేనంత మాత్రాన మీ వాటాలో ఏమీ తగ్గలేదు. ట్రంకు పెట్టె మీద పేరు రాసుకుని చదువుకున్నవాళ్లు ఈ హాస్టళ్ల నుంచే ఉద్యోగాలకు వెళ్లారు.

చివరిగా ఒక మాట. ప్యాక్‌మ్యాన్‌కు కథ లేకపోతే ఎవరో కూర్చుని అల్లారు. మరి మన ఆటలకు కథలు ఎవరు అల్లాలి? పులిజూదం తీసుకోండి. నేలమీద సుద్దముక్కతో గీసుకునే గీతలు, 3 పులులు, 15 మేకలు. పులులకు రాళ్లు, మేకలకు చింతగింజలు చాలు. నాణెం అక్కర్లేదు. ఒంటరిగా చిక్కిన మేకను పులి దూకి తినేస్తుంది. మేకలు ఒకదాని వెనక ఒకటి ఆసరాగా నిలబడితే పులికి దూకడానికి చోటుండదు, కదలలేక ఓడిపోతుంది. ఇంతకు మించిన కథావస్తువు ఏ కంపెనీ ఆటలో ఉంది? ఆ మేకలకు పేర్లు పెట్టండి, ఊరు పెట్టండి, వాటి మధ్య తగవులు పెట్టండి, మళ్లీ కలపండి. బొమ్మలు వేయగలిగినవాళ్లు వేయండి, రాయగలిగినవాళ్లు రాయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టీవీ చూడండి, హాయిగా నవ్వండి. నవ్వుతూనే ఈ కథ ఎవరిది, దీని ఖర్చు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఒక్కసారి అడగండి. వచ్చే ఏడాది సంచికలో మీ పదిహేను మేకల కథ చదవాలని ఎదురుచూస్తుంటాం.