ఛానళ్లు లెక్కపెట్టి మిక్సర్ కొనకండి

ఇంట్లో ఒక గది ఖాళీ చేసుకుని రికార్డింగ్ స్టూడియో పెట్టుకుందామనుకునే కుర్రాడికి నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా ముందుగా వినిపించే సలహా ఒకటే. "మంచి మిక్సర్ కొను. ఎనిమిది ఛానళ్లు చాలవు, పన్నెండు తీసుకో. డబ్బులు కుదిరితే పదహారు." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. అయినా ఆ సలహా తప్పు. బడ్జెట్ తక్కువగా ఉన్నవాడికి మరీ తప్పు. ఒక్క గొంతు, ఒక్క మైకుతో పాట రికార్డు చేసే గదికి ముందు కావలసింది మిక్సర్ కాదు. మిక్సర్ నిజంగా అవసరమైనవాళ్లు కూడా దాని మీదున్న ఛానళ్ల సంఖ్య చూసి కొనకూడదు.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. మన మెట్ట ప్రాంతంలో సౌండు సంగతి తెలిసినవాళ్లంటే మైకు సెట్టు వాళ్లే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లయినా, శ్రీరామనవమి పందిరైనా, ఎన్నికల సభైనా వాళ్లు లేనిదే నడవదు. స్టేజీ మీద అయిదారు మైకులు ఒకేసారి మోగుతుంటాయి. హార్మోనియం తగ్గించాలి, పద్యం అందుకున్నవాడి గొంతు పెంచాలి, కూత రాకుండా చూసుకోవాలి. అంతా ఆ క్షణంలోనే జరగాలి. క్షణం దాటిపోతే దిద్దుకోవడానికి రెండో అవకాశం ఉండదు. ఆ పనికి మిక్సరే ప్రాణం, ఛానళ్లు ఎన్ని ఉంటే అంత మేలు. ఇందులో వాళ్ల అనుభవాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇంట్లో రికార్డింగ్ వేరే పని. ఇక్కడ ముందు ట్రాక్ ఉంటుంది, తర్వాత గొంతు వస్తుంది, ఆ తర్వాత కోరస్ వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి. పన్నెండు ఛానళ్ల మిక్సర్ తెచ్చి ఒక ఛానల్ వాడి పదకొండింటిని ఊరికే వదిలేయడమే జరుగుతుంది.

రెండో మూలం మద్రాసు సినిమా స్టూడియోల ఫొటోలు. గోడ పొడవునా కన్సోల్, దాని ముందు కూర్చున్న సౌండ్ ఇంజనీరు. ఆ బొమ్మే మన మనసులో స్టూడియోకి గుర్తుగా నిలిచిపోయింది. ఆ కన్సోల్ అక్కడ ఎందుకుండేదో ఆలోచించాలి. ఘంటసాల పాడిన రోజుల్లో వాద్యబృందమంతా, గాయకులంతా ఒకేసారి వాయించి పాడేవాళ్లు. వయొలిన్లకు ఎంత, తబలాకు ఎంత, గొంతుకు ఎంత అన్నది పాట నడుస్తుండగానే తేలిపోవాలి. అన్నీ కలిసి ఒక్క ట్రాక్ మీద పడేవి. తర్వాత విడదీసే వీలు లేదు కాబట్టి ఆ కలపడం కన్సోల్ మీదే జరగాలి. ఇవాళ కలపడమంతా కంప్యూటర్‌లో, పాడటం అయిపోయాక, తీరిగ్గా జరుగుతోంది. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెర మీద కనిపించేది మిక్సరే. ప్రతి ట్రాక్‌కీ ఒక ఫేడర్, ఈక్యూ, ఎకో, కంప్రెసర్, అన్నీ ఉంటాయి. ఛానళ్లు ఎన్ని కావాలంటే అన్ని. అది చేతిలో ఉండగా చవక మిక్సర్ కొనడమంటే ఒకే వస్తువును రెండోసారి, అదీ నాసిరకంగా కొనడమే.

ఇక అసలు మోసపోయే చోటికి వద్దాం. డబ్బా మీద "యూఎస్‌బీ మిక్సర్" అని ఉంటుంది. పన్నెండు ఛానళ్లున్నాయి, యూఎస్‌బీ ఉంది, కాబట్టి పన్నెండూ విడివిడిగా కంప్యూటర్‌లోకి వస్తాయని కొనేవాడు అనుకుంటాడు. బడ్జెట్ మిక్సర్లలో ఎక్కువ భాగం అలా చేయవు. ఛానళ్లన్నీ లోపలే కలిసిపోయి, ఎడమ కుడి అని రెండే రెండు ట్రాకులుగా బయటికి వస్తాయి. యమహా ఎంజీ10ఎక్స్‌యూ మంచి మిక్సర్, పేరున్న కంపెనీది, పది ఛానళ్లు. కంప్యూటర్‌కు పంపేది రెండే. ఇది ఆ మిక్సర్ లోపం కాదు, దాన్ని తయారు చేసిన ఉద్దేశమే అది. ఆ సంగతి కొనేవాడికి చెప్పకపోవడమే తప్పు. హార్మోనియం, తబలా, గొంతు కలిసి రెండు ట్రాకుల్లో ముద్దగా పడ్డాక తబలా ఎక్కువైందని తెలిస్తే తగ్గించే దారి లేదు. అందరినీ మళ్లీ పిలిచి మొదటి నుంచి పాడించుకోవాల్సిందే.

ఇంకా చవక రకాల్లో పరిస్థితి ఇంతకంటే అన్యాయం. వాటి మీదుండే యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు మోగించుకోవడానికి మాత్రమే. కంప్యూటర్‌తో దానికి సంబంధమే ఉండదు. చూడగానే పోల్చుకునే గుర్తు ఒకటుంది. పెన్‌డ్రైవ్ దూరే పలక లాంటి రంధ్రం ఒక్కటే ఉంటే అది రికార్డింగ్‌కు పనికిరాదనే అనుమానించాలి. ప్రింటర్ వెనకాల ఉండే చదరపు రంధ్రం గానీ, ఈమధ్య వస్తున్న టైప్-సి గానీ ఉంటే కంప్యూటర్‌కు కలిసే అవకాశం ఉంది. అప్పుడు కూడా ఎన్ని ట్రాకులు వెళ్తాయో అడిగే తీరాలి.

మిక్సర్‌లోని ఎకో చేసే చెరుపు మరొకటి. తొంభైతొమ్మిది ఎఫెక్టులున్నాయని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. పాడేవాళ్లకు ఎకో ఉంటే గొంతు నిండుగా వినిపించి ధైర్యం వస్తుంది, నిజమే. కానీ గొంతుతో పాటు రికార్డయిపోయిన ఎకోను తర్వాత శుభ్రంగా తీసేయడం సాధ్యం కాదు. పెసరట్టులో వేసిన ఉప్పును మళ్లీ ఏరుకోలేనట్టే. గొంతును ఎకో లేకుండా పొడిగా రికార్డు చేసుకుని, ఎకో తర్వాత కలుపుకుంటే నచ్చినంత వేసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు.

మరి ఉన్న కాస్త డబ్బు దేనికి పెట్టాలి? మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే రెండు ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, ఒక మంచి మైకుకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌కు, అన్నిటికంటే ముందు గదికి. బెరింజర్, ఫోకస్‌రైట్ లాంటి కంపెనీల చిన్న ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తాయి, 24 బిట్లలో రికార్డు చేస్తాయి. పది వేల రూపాయల లోపు దొరికేవీ వాటిలో ఉన్నాయి. ఒక గొంతుకు ఇంతకంటే అవసరం లేదు.

గది మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే గదిని షాపులో అమ్మరు. మన ఇళ్లలో గదులు ఎక్కువగా పదికి పది. కింద టైల్స్, పైన శ్లాబు, చుట్టూ నున్నటి గోడలు. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, దానికి రెండు, మూడు రెట్లైన 112, 168 దగ్గర శబ్దం నిలబడి మోగుతుంది. వీటిలో పై రెండూ మగ గొంతు కింది స్వరాల్లోనే పడతాయి. గది నలుచదరమైతే రెండు జతల గోడలూ అదే స్వరాన్ని ఉబ్బిస్తాయి. శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే మూడోది తోడవుతుంది. అందుకే కొన్ని స్వరాలు డబ్బాలో పాడినట్టు బుంగగా వస్తాయి. లక్ష రూపాయల మిక్సర్ తెచ్చినా ఈ ఉబ్బు పోదు. పొడుగు వెడల్పులు సమానంగా లేని గది ఎంచుకుంటే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

మిగతా సగానికి మందు మన చేతిలోనే ఉంది. పత్తి పండే నేల మనది. పాత దూది పరుపులు, మందపాటి బొంతలు మన ఇళ్లలో దొరుకుతాయి. పాడేవాడి ముందున్న మైకు అతని వైపే చూస్తుంటుంది కాబట్టి అతని గొంతుతో పాటు అతని వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్నీ పట్టుకుంటుంది. పరుపు నిలబెట్టాల్సింది అక్కడ, అంటే పాడేవాడి వీపు వెనక. గోడకూ పరుపుకూ మధ్య జానెడు ఖాళీ వదిలితే మరికాస్త కింది స్వరాల దాకా పనిచేస్తుంది. కోడిగుడ్ల అట్టలు అంటించి సౌండ్‌ప్రూఫ్ అయిందనుకోవద్దు, బయటి శబ్దాన్ని అవి ఆపవు. 65వ నంబరు జాతీయ రహదారి మీద సిమెంటు లారీల మోత వినిపించే ఇల్లయితే రహదారికి దూరంగా ఉన్న గది చూసుకుని, అలికిడి తగ్గిన వేళ ఫ్యాన్ ఆపేసి పాడించడమే చవకైన దారి. కంప్యూటర్ కలపగానే హమ్ వస్తుంటే కొత్త మిక్సర్‌కు పరుగెత్తకుండా ముందు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

పెద్ద మిక్సర్ పక్షాన చెప్పే వాదనలు వినకుండా కొట్టిపారేయడం న్యాయం కాదు. మొదటిది, పాడేవాడు తన గొంతును ఆలస్యం లేకుండా వినాలంటే మిక్సర్ ఉండాలన్నది. ఒకప్పుడు ఇందులో బలముండేది. ఇప్పుడు చిన్న ఇంటర్‌ఫేస్‌లలో కూడా డైరెక్ట్ మానిటర్ సౌకర్యం ఉంటోంది, గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. రెండోది, ఒకే మిక్సర్ ఇంట్లో రికార్డింగ్‌కూ బయట ప్రోగ్రాములకూ పనికొస్తుందన్నది. నిజంగా ప్రోగ్రాములు చేసేవాళ్లు కొనుక్కోవచ్చు. చేయనివాళ్లు ఎప్పుడో చేస్తామేమోనన్న ఆశతో ఇవాళ మైకుకు పెట్టాల్సిన డబ్బును అందులో పోయకూడదు. మూడోది, పాట చేయించుకోవడానికి వచ్చినవాళ్లు పెద్ద మిక్సర్ చూస్తేనే నమ్ముతారన్నది. వాళ్లు ఇంటికి తీసుకెళ్లేది పాటను. అయ్యప్ప పాటైనా, క్రైస్తవ గీతమైనా, ఎన్నికల ప్రచార పాటైనా ఫోన్లో వినిపించినప్పుడు మాట స్పష్టంగా ఉంటేనే మరో నలుగురిని పంపుతారు. గదిలో వెలిగే లైట్లు ఆ పాటలో వినిపించవు.

సామాను చిన్నదైతే పాట చిన్నదైపోతుందన్న భయానికి ప్రపంచమే జవాబు చెప్పింది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో తెచ్చిన 'నెబ్రాస్కా' ఆల్బమ్ ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు ష్యూర్ ఎస్ఎం57 మైకులతో రికార్డయింది. గమనించాల్సింది అక్కడున్న నాలుగూ విడివిడి ట్రాకులని. ముద్దగా కలిసిపోయే పదహారు ఛానళ్ల కంటే విడిగా నిలిచే నాలుగు ట్రాకులు మేలు. గాయని బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్‌ను అన్న ఫినియస్ ఇంట్లో పడకగదిలో, కంప్యూటర్, ఇంటర్‌ఫేస్ పెట్టుకుని తయారు చేశాడు. 2020లో గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అదే.

ఎక్కువ ఛానళ్లు నిజంగా కావలసిన సందర్భం ఒకటుంది. నలుగురైదుగురు కలిసి పాడితేనే ప్రాణం నిలిచే కళలు మనవి. బుర్రకథ చూడండి. తంబురాతో కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు, ఒకరి మాట మీద ఇంకొకరు అందుకోవాలి. పొన్నెకల్లు నుంచి వచ్చి ఆ కళను ఊరూరికీ చేర్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి కథను ముక్కలుగా విడదీసి ఒక్కొక్కరినీ వేరుగా పాడిస్తే అందులో కథ మిగలదు. భజన మండలి కూడా అంతే. ఇలాంటి పనికి ప్రతి మైకూ విడి ట్రాక్‌గా నిలిచే సామాను కావాలి. నాలుగు మైకులు చాలనుకుంటే బెరింజర్ యూఎంసీ404హెచ్‌డీ, ఎనిమిది కావాలంటే యూఎంసీ1820 లాంటి ఇంటర్‌ఫేస్‌లున్నాయి. మిక్సరే కావాలనుకుంటే సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే ఛానళ్లను విడివిడిగా కంప్యూటర్‌కు పంపుతుంది. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8, టాస్కామ్ మోడల్ 12 కంప్యూటర్ లేకుండానే ఎస్‌డీ కార్డు మీద విడి ట్రాకులుగా రాసిపెడతాయి. ఇవి ఖరీదైనవే. ఒక్కరే కొనలేకపోతే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు, అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఈ విషయంలో ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. మన ఊళ్లలో తిరుపతమ్మ కథ చెప్పేవాళ్లు, తత్వాలు పాడేవాళ్లు, పద్యం నోటికి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామంది వయసు పైబడినవాళ్లు. మళ్లీ పిలిచి పాడించుకుందామంటే అన్నిసార్లూ వీలుపడదు. అలాంటి గొంతు ఎకోలో మునిగి, తబలా కింద నలిగి, గది ఉబ్బులో కలిసిపోతే ఆ నష్టాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. ఆ పెద్దల గొంతును ఉన్నదున్నట్టు దాచగలిగే అవకాశం మొదటిసారిగా మామూలు ఇళ్లకు వచ్చింది. తప్పుడు సలహాతో దాన్ని పాడుచేసుకోకూడదు.

కాబట్టి విజయవాడ వెళ్లినా, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో చూసినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "దీంట్లో ఎన్ని ఛానళ్లు విడివిడిగా కంప్యూటర్‌కు వెళ్తాయి?" రెండే అని జవాబొస్తే ఆ మిక్సర్‌ను అక్కడే వదిలేయండి. రెండు ఛానళ్ల ఇంటర్‌ఫేస్ తీసుకుని, మిగిలిన డబ్బు మైకుకూ గదికీ పెట్టండి. జవాబు తెలియదంటే ఆ షాపులో కొనకండి.